లేజర్ సంగతి తర్వాత, గడ్డ సంగతి ముందు

హోసూరులో బాగలూరు రోడ్డు మీద గానీ, కృష్ణగిరి బస్టాండు చుట్టుపక్కల గానీ పళ్ల ఆస్పత్రుల బోర్డులు చదువుకుంటూ పోతే ‘లేజర్’ అన్న మాట తగలకుండా ఉండదు. తమిళం, కన్నడం, ఇంగ్లీషు, అక్కడక్కడా తెలుగు. లిపి మారినా ఆ మాట మాత్రం మారదు. నొప్పి ఉండదు, నెత్తురు రాదు, కుట్లు అక్కర్లేదు అని దాని కింద ఇంకో వరస. నోట్లో నీటిగడ్డ లేచిన మనిషి ఆ మెట్లెక్కి అడిగే మొదటి మాట ఇలా ఉంటుంది: “లేజర్‌తో తీస్తారా సార్? ఎంతవుతుంది?”

ఆ ప్రశ్న తప్పు కాదు. కాకపోతే అది మూడోదిగా రావాలి. మొదటిది, ఇది ఏ గడ్డ అని. రెండోది, ఎక్కడ నుంచి పుట్టింది అని. ఈ రెండింటికీ జవాబు దొరికితే లేజరా, కత్తా, అసలేమీ చెయ్యనక్కర్లేదా అన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది. జవాబు దొరక్కముందే లేజర్ దాకా పోతే డబ్బు పోవడం చిన్న నష్టం. పెద్ద నష్టం ఇంకొకటుంది, దాని దగ్గరికి వస్తాను.

నోట్లో గడ్డ అనగానే మనవాళ్లలో రెండు రకాల మనుషులు బయటపడతారు. ఒకరు అద్దం ముందు నిలబడి పిన్నీసుతో గుచ్చేసుకుంటారు. నీరు కారి గడ్డ అణిగిపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది, మళ్లీ గుచ్చుతారు. ఇంకొకరు దాన్ని క్యాన్సరే అనుకుని, ఆ మాట ఇంట్లో ఎవరి చెవినా వెయ్యకుండా, రాత్రిళ్లు నాలుకతో తడుముకుంటూ నెలలు గడిపేస్తారు. మొదటివాళ్లది మొండి ధైర్యం, రెండోవాళ్లది మూగ భయం. గడ్డ నోట్లో ఏ చోట లేచిందన్న దాన్ని బట్టే సగం సంగతి పట్టుకోవచ్చని ఈ ఇద్దరికీ ఎవరూ చెప్పి ఉండరు.

కింది పెదవి లోపలి వైపు, పళ్లు తగిలే చోట, నీలి ఛాయతో మెత్తగా, నొప్పి లేకుండా లేచేది చాలావరకు లాలాజలపు తిత్తి. డాక్టర్లు దాన్ని మ్యూకోసీల్ అంటారు. మన నోటికి చెవి ముందు, దవడ కింద, నాలుక కింద మూడు జతల పెద్ద లాలాజల గ్రంథులున్నాయి. అవి కాక పెదవుల్లో, బుగ్గల్లో, అంగిట్లో కలిపి 600 నుంచి 1000 దాకా చిన్న గ్రంథులుంటాయి. ఒక్కోదానికి సన్నని గొట్టం. పెదవి కొరుక్కునే అలవాటు వల్లో, బండి మీంచి పడి పన్ను దిగడం వల్లో ఆ గొట్టం తెగుతుంది. గొట్టం తెగినా గ్రంథి తన పని మానదు కదా. ఊరిన జిగట బయటికి దారి లేక చుట్టూ ఉన్న కండలోకి చేరి ఉబ్బుతుంది. గుచ్చినప్పుడు తెల్లసొనలా తీగ సాగుతూ వచ్చేది అదే. జిగట పోయింది గానీ, దాన్ని ఊరించే గ్రంథి అక్కడే ఉంది. మళ్లీ లేవడంలో వింతేముంది?

ఇది పిల్లల్లోనూ, ముప్పై దాటని వాళ్లలోనూ ఎక్కువ. హోంవర్కు రాసేటప్పుడు, సెల్‌ఫోన్‌లో ఆట మంచి పట్టు మీద ఉన్నప్పుడు కింది పెదవిని పళ్ల కిందికి లాక్కునే పిల్లల్ని గమనించండి. గడ్డ తీయించడం డాక్టరు పని. ఆ అలవాటు మాన్పించడం మాత్రం ఇంటిల్లిపాది పని, అదే కష్టం. తిడితే మానరు. పెదవి పళ్ల కిందికి పోయిన ప్రతిసారీ ఒక చిన్న సైగ చేద్దామని పిల్లాడితోనే ఒప్పందం చేసుకుంటే కొంత పని జరుగుతుంది. పై పళ్లు ఎత్తుగా ఉండి పెదవి వాటికింద దూరుతుంటే ఆ సంగతి పళ్ల డాక్టరుతో చెప్పాలి.

అదే గడ్డ పై పెదవిలో లేస్తే లెక్క మారుతుంది. పై పెదవిలో మ్యూకోసీల్ అరుదు. అక్కడ కాస్త గట్టిగా, వేలి కింద కదులుతూ, మెల్లగా పెరిగేది లాలాజల గ్రంథిలో పుట్టిన కంతి కావచ్చు. అంగిలి వెనక భాగంలో, జ్ఞానదంతం వెనక లేచిన నీలి బుడగ విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. లాలాజల గ్రంథుల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్ అక్కడ అచ్చం మ్యూకోసీల్ వేషంలో కూచుంటుంది. ఇలాంటి చోట్ల ‘చిన్నదే కదా, లేజర్‌తో కాల్చేద్దాం’ అన్న మాట డాక్టరు నోట వచ్చినా సరే, ఒక్క అడుగు వెనక్కి వెయ్యండి.

నాలుక కింద ఒక పక్కగా ఉబ్బి, నాలుకను పైకి నెట్టేంత పెద్దదయ్యేది రాన్యులా. ఇది నాలుక కింది పెద్ద గ్రంథి నుంచి వస్తుంది. పైపైన కోసి నీరు తీసేస్తే తిరిగొచ్చేస్తుంది. ఆ గ్రంథిని కూడా తీసినప్పుడే పీడ వదిలే అవకాశం ఎక్కువ. ఒక్కోసారి ఈ తిత్తి కండరాల సందులోంచి కిందికి జారి గడ్డం కింద, మెడలో ఉబ్బుగా తేలుతుంది. నోరు తెరిచి చూస్తే లోపల ఏమీ కనబడదు. దాంతో మెడ గడ్డకు మందులంటూ వేరే దారి పట్టిపోతారు. నాలుక కింద చేయి పెట్టే సర్జను చేతికి అక్కడి నరం ఏదో, లాలాజల నాళం ఏదో బాగా తెలిసుండాలి. అందువల్ల రాన్యులా ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జను దగ్గరికో, ఈ.ఎన్.టి. సర్జను దగ్గరికో పోవాల్సిన కేసు. వీధి చివరి క్లినిక్కులో అయిపోయే పని కాదు.

చిగురు మీద మొటిమలాగా లేచి, నొక్కితే చీము వచ్చేదాన్ని చాలామంది గడ్డే అనుకుంటారు. అది పైకి కనిపించే గుర్తు మాత్రమే. అసలు జబ్బు కిందున్న పంటిలో ఉంది. పన్ను పుచ్చి, లోపలి నరం చచ్చి, వేరు కొసలో చేరిన చీము అక్కడ దారి చేసుకుంది. పొక్కును లేజర్‌తో కాల్చినా, కత్తితో కోసినా, పన్నుకు రూట్ కెనాల్ చెయ్యకపోతే, లేదా పన్ను తీయకపోతే, ఆ దారి మూసుకోదు.

ఇక దవడ ఎముక లోపలి తిత్తులు. పంటినొప్పికి ఎక్స్‌రే తీస్తే డాక్టరు ఒక నల్లటి గుండ్రని మచ్చ చూపించి “ఇక్కడ సిస్ట్ ఉంది” అంటారు. ఇంటికొచ్చి ఆ మాటను పెదవి మీది నీటిగడ్డతో కలిపేసుకుంటారు. రెండూ వేరు. చచ్చిన పంటి వేరు కొసలో పెరిగేది రాడిక్యులర్ సిస్ట్. దవడ తిత్తుల్లో ఎక్కువ భాగం ఇవే. బయటికి రాని జ్ఞానదంతం తల చుట్టూ పెరిగేది డెంటిజెరస్ సిస్ట్. కెరటోసిస్ట్ అని మొండిది ఇంకొకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దాన్ని కంతుల వర్గంలో చేర్చి, 2017లో తిరిగి తిత్తుల్లోకి తెచ్చింది. ఏ వర్గంలో పెట్టినా అది తిరిగి రావడం మానలేదు. తీసేసిన తర్వాత కూడా ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీయించుకోవాల్సిందే. ఎముకలోని తిత్తిని పొరతో సహా ఒలిచి తీస్తారు. మరీ పెద్దదైతే ముందు దానికి కిటికీ పెట్టి కుంచించుకుపోనిచ్చి, తర్వాత తీస్తారు. లేజర్‌కు ఇక్కడ ఉంటే గింటే చిన్న సాయం చేసే పాత్ర. ఎముకలో తిత్తిని లేజర్‌తో మాయం చేస్తామని ఎవరైనా అంటే, ఎలా చేస్తారో ఎక్స్‌రే మీద వేలు పెట్టి చూపించమనండి.

పసిబిడ్డల సంగతి ఒక్క మాటలో. పుట్టిన కొద్ది రోజులకు చిగుళ్ల మీద, అంగిట్లో కనిపించే తెల్లని చిన్న పూసలకు ఏ వైద్యమూ వద్దు, వారాల్లో వాటంతటవే రాలిపోతాయి. పన్ను మొలిచే చోట లేచే నీలి ఉబ్బు కూడా చాలాసార్లు పన్ను బయటికొస్తే పోతుంది. పసుపు రాసి గుడ్డతో రుద్దాలని అవ్వ పట్టుబడుతుంది. అవ్వ మనసు కష్టపెట్టకుండా ఆ గుడ్డను పక్కన పెట్టించడం కోడలి నేర్పు మీద ఆధారపడి ఉంటుంది, నేను చెప్పగలిగేది కాదు.

వయసు మళ్లిన వాళ్ల కింది పెదవి మీద ముదురు నీలి చుక్క లేస్తే, గాజుపలకతో నొక్కి చూస్తారు. రంగు పోయి, వదలగానే తిరిగొస్తే అది నెత్తురు నిండిన సిర. పిన్నీసు పెట్టారంటే నెత్తురు ఆపడం కష్టం. ఇలాంటి దానికి మాత్రం లేజర్ చక్కగా పనిచేస్తుంది. పిల్లల పెదవి మీది మ్యూకోసీల్‌కూ మంచి పనిముట్టే. ఇంతకీ లేజర్ లోపల చేసేదేమిటి?

థియోడర్ మైమన్ అమెరికాలో మొదటి లేజర్‌ను 1960 మే 16న వెలిగించాడు. నోటి కండను కోయడానికి ఈ రోజుకీ వాడుతున్న కార్బన్ డయాక్సైడ్ లేజర్ 1964లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. దాన్ని కనిపెట్టిన కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణెలో ఇంజనీరింగ్ చదివి వెళ్లినవాడు. దాని కాంతి 10,600 నానోమీటర్లది. దాన్ని నీరు గబుక్కున పీల్చుకుంటుంది. నోటి కండలో ఎక్కువ భాగం నీరే గనక, ఆ కాంతి లోతుకు పోకుండా పైపొరల్లోనే ఆగి వాటిని ఆవిరి చేస్తుంది. ఆ వేడికే చిన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. నెత్తురు తక్కువ రావడం వెనకున్న రహస్యం ఇంతే. పళ్ల క్లినిక్కుల్లో ఎక్కువగా కనిపించేది మాత్రం డయోడ్ లేజర్, బల్ల మీద ఇమిడిపోయే చిన్న పెట్టె. దాని కాంతి 810, 940, 980 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. దాన్ని నీటికన్నా నెత్తురులోని హిమోగ్లోబిన్, చర్మానికి రంగునిచ్చే పదార్థం బాగా పీల్చుకుంటాయి.

కుర్చీలో కూచున్న మనిషికి జరిగేది ఇది. ముందు మత్తు సూది. లేజర్ అంటే సూది కూడా ఉండదనుకుని వచ్చే వాళ్లు ఇక్కడే మొహం ముడుచుకుంటారు. ముందే తెలిసి ఉంటే మంచిది. గదిలో ఉన్న అందరికీ, రోగికి కూడా, ఆ లేజర్‌కు సరిపోయే రంగు కళ్లద్దాలు పెడతారు. కళ్లద్దాలు ఇవ్వకుండా మొదలుపెట్టబోతే అడగండి, అందులో మొహమాటం వద్దు. డయోడ్ అయితే డాక్టరు సన్నని గాజుతీగ కొసను, పళ్ల కొరుకు సరిచూసే నీలి కాగితం మీద తాకించి ఒక్క క్షణం వెలిగిస్తారు. కొస నల్లబడి వేడెక్కుతుంది, ఆ వేడి కొసే కోస్తుంది. గడ్డను చిన్న పట్టుకారుతోనో, దారం వేసో పైకి లాగి పట్టుకుని, అడుగు చుట్టూ కోసుకుంటూ వస్తారు. పక్కనున్న వాళ్లు పొగను గొట్టంతో లాగేస్తుంటారు. కాస్త మాడిన వాసన వస్తుంది. ఆ వాసనే చాలామందికి గుర్తుండిపోతుంది, నొప్పి కాదు. గడ్డ లేచిపోయాక అడుగున పలుకుల్లాంటి చిన్న గ్రంథులు కనిపిస్తాయి. అవి కూడా తీస్తేనే పని పూర్తయినట్టు. గడ్డ తిరిగొస్తుందా లేదా అన్నది ఎక్కువగా ఆ రెండు నిమిషాల్లోనే తేలిపోతుంది. ఆ పలుకుల్ని వదిలేస్తే ఎంత ఖరీదైన లేజరైనా పిన్నీసుతో సమానం. వాటిని శుభ్రంగా తీసే చేతిలో మామూలు కత్తీ, రెండు కుట్లూ కూడా చక్కని వైద్యమే.

అందుకే లేజర్ ఉందా అని కాకుండా, “గడ్డతోపాటు గ్రంథి కూడా తీస్తారా?” అని అడగడం నేర్చుకోవాలి. ఈ ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ఎదుటి డాక్టరు కుర్చీలో కాస్త ముందుకు జరిగి మాట్లాడతారు.

ఇప్పుడు ఆ పెద్ద నష్టం. తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప గడ్డ ఏమిటన్నది ఖాయంగా తెలియదు. పైకి చూసి మ్యూకోసీల్ అనడం మంచి ఊహ, అంతవరకే. లేజర్‌తో గడ్డను మొత్తం ఆవిరి చేసేస్తే పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు. కొన్నాళ్లకు అదే చోట మళ్లీ ఏదో లేస్తే, మొదటిది ఏమిటో చెప్పగల మనిషి ఉండడు. ముక్కగా తీసినా, అంచులు లేజర్ వేడికి మాడితే పాథాలజీ డాక్టరుకు ఆ అంచుల్లో ఏముందో చదవడం కష్టమవుతుంది. అందుకే అనుమానం ఉన్న చోట అంచు కొంచెం ఎక్కువ కలిపి తీస్తారు, లేదా ఆ ముక్క వరకు కత్తితోనే తీస్తారు. ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి, పేరు, వయసు, నోట్లో ఏ పక్క నుంచి తీసిందీ రాసి పంపాలి. మీ కళ్లెదుటే ఆ సీసా మీద పేరు రాయించండి. రిపోర్టు వచ్చే రోజు కనుక్కుని వెళ్లి తెచ్చుకోండి. గడ్డ పోయింది గదా అని రిపోర్టు తెచ్చుకోని వాళ్లు చాలామంది. ఆ కాగితం కోసం ఇంకోసారి బస్సెక్కడం దండగ అనిపిస్తుంది, నిజమే. అయినా ఎక్కండి.

గుట్కా, ఖైనీ, ఆకువక్క అలవాటున్న నోట్లో ఏ గడ్డనూ, తెల్ల మచ్చనూ, ఎర్ర మచ్చనూ తేలిగ్గా తీసుకోకూడదు. రెండు వారాలు దాటినా మానని పుండు, నోరు తెరుచుకోవడం తగ్గడం, కారణం లేకుండా పన్ను కదలడం, పెదవి తిమ్మిరెక్కడం – ఇవి కనిపిస్తే లేజర్ మాట ఎత్తకుండా ముందు బయాప్సీ అడగండి.

అడగండి, అడగండి అంటున్నాను గానీ, అడగడమే మనవాళ్లకు అన్నిటికన్నా బరువైన పని. హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్లకు ఇంకో ముడి ఉంది.  కృష్ణగిరి జిల్లాలో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం కలిసి నడుస్తాయి. సంతలో గీసి గీసి బేరమాడే నోరే డాక్టరు ముందు కట్టుబడిపోతుంది. డాక్టరు తమిళంలోనో ఇంగ్లీషులోనో చెబితే తల ఊపి బయటికొచ్చి, కాంపౌండరును “సార్ ఏమన్నారు?” అని అడుగుతాం. అర్థం కాలేదని ఒప్పుకోవడం నామోషీ అనిపిస్తుంది. డాక్టరుకు కోపం వస్తుందేమో అన్న బెరుకు కూడా ఉంటుంది.

ఆ బెరుకుకు విరుగుడుగా ఒక తీర్పు తెలుసుకుని ఉండటం మంచిది. ఢిల్లీలో ఒక మహిళ పరీక్ష కోసం మాత్రమే ఒప్పుకుని మత్తులోకి వెళ్లగా, ఆ మత్తులో ఉండగానే ఆమె అనుమతి లేకుండా పెద్ద ఆపరేషన్ చేసేశారు. ఆ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న తీర్పు చెబుతూ, డాక్టరు రోగికి ఏమేం చెప్పాలో వరసగా పెట్టింది. చెయ్యబోయే వైద్యం ఎలాంటిది, ఎందుకు, దానివల్ల లాభమేమిటి. దానికి బదులుగా వేరే దారులేమున్నాయి. పెద్ద ప్రమాదాలేమున్నాయి. వైద్యం వద్దనుకుంటే ఏమవుతుంది. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు అనుమతి కాదని కూడా తేల్చింది. కాబట్టి మీరు అడిగేది డాక్టరు మీద అనుమానంతో అడిగినట్టు కాదు. చట్టం ఆయన చెప్పాలన్నదాన్నే మీరు వినాలనుకుంటున్నారు.

ఎలా అడగాలన్నది ఇంకో సంగతి. “గూగుల్లో ఇలా ఉంది సార్” అని మొదలుపెడితే ఎంత మంచి డాక్టరైనా ముఖం తిప్పుకుంటారు. మర్యాదగా, కుర్చీ వదలకుండా అడగాలి.

“సార్, ఇది ఏ గడ్డ అనుకుంటున్నారు? వేరే ఏదైనా అయ్యే అవకాశం ఉందా?”

“మ్యూకోసీలేనమ్మా. తొంభై పాళ్లు అదే.”

“మిగతా పది పాళ్ల కోసం ముక్క పరీక్షకు పంపుతారు కదా సార్?”

ఇంత చాలు. “తొంభై పాళ్లు” అన్న మాటను పట్టుకుని, గొంతు పెంచకుండా, మిగిలిన పది గురించి అడగడం. తర్వాత, కత్తితో తీస్తే ఏమిటి, లేజర్‌తో తీస్తే ఏమిటి, కొన్నాళ్లు ఆగి చూస్తే ఏమిటి అని మూడు దారులూ ఒకేసారి అడగండి. ఆగి చూడటం కూడా ఒక దారే. చిన్న మ్యూకోసీల్ ఒక్కోసారి దానంతటదే పోతుంది. పసిపిల్లల్లో రాన్యులాను కూడా కొంతకాలం కనిపెట్టి చూస్తారు. గడ్డ లోపలినుంచి పట్టుదారం గుచ్చి వారం పది రోజులు అలాగే ఉంచి, జిగటకు కొత్త దారి చేసే పద్ధతి కూడా ఉంది. భయపడే చిన్నపిల్లలకు అది బాగా కుదురుతుంది. వీటిలో ఒక్కదాన్నే ఎత్తి, మిగతావాటి పేరు కూడా తలవని చోట కాస్త ఆలోచించాలి.

చదువు సంగతీ అడగొచ్చు. బి.డి.ఎస్. తర్వాత మూడేళ్లు ఎం.డి.ఎస్. చేసి, అందులో ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీ చదివిన వాళ్లకు ఈ గడ్డలు రోజూ చూసే పని. లేజర్ మీద రెండు మూడు రోజుల శిక్షణ మొదలు ఏళ్లు పట్టే కోర్సుల దాకా ఉన్నాయి. గోడ మీది సర్టిఫికెట్ ఏ కోవలోదో అడిగితే తప్పు లేదు. “ఇలాంటివి మీరు తరచూ చేస్తుంటారా?” అన్న మామూలు ప్రశ్న ఇంకా మేలు. అనుమతి పత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటే చదివి చెప్పించుకున్నాకే సంతకం పెట్టండి. తళిలో, డెంకణికోటలో ఉన్న తెలుగు పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు, ఆ భాష చదవగల మనవడో మనవరాలో వెంట ఉంటే డాక్టరు ముందు కూచునే పది నిమిషాలకు విలువ వస్తుంది.

ఎక్కడికి పోవాలన్నది గడ్డను బట్టే. పిల్లాడి పెదవి మీది నీటిగడ్డకు ఊళ్లోనే మంచి సర్జన్ చాలు. కృష్ణగిరిలో 2022 జనవరి 12న ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది, అనుమానం ఉన్నప్పుడు రెండో అభిప్రాయానికి మెట్టెక్కదగ్గ చోటు. కుప్పం వైపు వాళ్లకు అక్కడ పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. దవడ తిత్తులకు, రాన్యులాకు బెంగళూరు పోవాలనుకుంటే నగరంలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. క్యాన్సర్ అనుమానం ఉంటే కిద్వాయ్ ఆస్పత్రి హోసూరు రోడ్డు మీదే ఉంటుంది, దారి వెతుక్కునే పని లేదు. బీమా కార్డు ఉన్నవాళ్లు ఆ కార్డు ఆ ఆస్పత్రిలో, ఆ వైద్యానికి చెల్లుతుందా లేదా అన్నది కుర్చీలో కూచోకముందే కౌంటరులో అడగాలి. రాష్ట్రం సరిహద్దు దాటుతున్నప్పుడు మరీ ముఖ్యం.

వెళ్లేముందు వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. నెత్తురు పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు వాటిని సొంతంగా మానెయ్యకూడదు. గుండెకు మాత్రలిచ్చిన డాక్టరూ, నోటి డాక్టరూ మాట్లాడుకుని తేల్చాల్సిన సంగతి అది. షుగరు ఎంతుందో కూడా చెప్పాలి.

తీయించుకున్న మర్నాడు అద్దంలో చూసుకుని బెదిరిపోయేవాళ్లు చాలామంది. లేజర్ తగిలిన చోట పసుపు తెలుపు కలిసిన పొర కడుతుంది. చీము పట్టిందనుకుని దాన్ని గోటితో గీకేస్తారు. అది పుండు మానేటప్పుడు వచ్చే పొర, దాన్ని అలాగే వదిలెయ్యాలి. రెండు వారాలకు అటూ ఇటూగా కొత్త చర్మం వస్తుంది. చల్లారిన రాగి అంబలి, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ ఆ రోజులకు బాగా సరిపోతాయి. రాగి ముద్ద తినాలంటే వేడి తగ్గాక, పలచని పప్పుతో. మామిడి కాలంలో కృష్ణగిరి జిల్లాలో ఇల్లిల్లూ తోతాపురి ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తింటుంటే, నోట్లో పుండున్న మనిషి పక్కన కూచోవడం నిజంగా శిక్షే. కారం, పులుపు, చుట్ట, సిగరెట్టు, వక్కపొడి అన్నీ పుండు మానేదాకా బంద్. మత్తు వదిలేదాకా పిల్లలు తిమ్మిరెక్కిన పెదవిని నములుతారు, దానివల్ల కొత్త గాయమవుతుంది. ఆ కొన్ని గంటలు పిల్లాడి పక్కనే ఎవరైనా కూచోవాలి. నెత్తురు ఆగకుండా వస్తున్నా, జ్వరం వచ్చినా, వాపు మెడలోకి దిగినా, మింగడం కష్టమైనా పొద్దుటిదాకా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. పెదవిలో కొద్దిపాటి తిమ్మిరి కొన్ని వారాలుండొచ్చు. అది తగ్గుతోందా లేదా అని గమనించి, తగ్గకపోతే వెళ్లి చెప్పాలి.

కొన్ని నెలల తర్వాత అదే చోట మళ్లీ ఉబ్బు కనిపిస్తే డాక్టరును మార్చేయాలనిపిస్తుంది. మార్చుకోండి, అది మీ ఇష్టం. కొత్త డాక్టరు దగ్గరికి మాత్రం చేతులు ఊపుకుంటూ పోవద్దు. మొదటిసారి గడ్డ ఎలా ఉందో సెల్‌ఫోన్‌లో తీసిన ఫొటో, ఏ లేజర్ వాడారో రాసిన డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, ఎక్స్‌రే తీసి ఉంటే ఆ ఫిల్మూ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వెళ్లండి. రిపోర్టులో మ్యూకోసీల్ అని ఉంటే, ఈసారి గ్రంథితో సహా తీసేలా మాట్లాడుకోండి. రిపోర్టే లేకపోతే, ఏ లేజర్ అన్న మాట ఎత్తకముందే ఈసారి ముక్క పరీక్షకు పంపాలని చెప్పండి. పిల్లాడు ఇంకా పెదవి కొరుకుతున్నాడేమో అది కూడా చెప్పండి, డాక్టరు అడగకపోయినా సరే.